చిన్న కోత వెన్ను శస్త్రచికిత్స, రక్తస్రావ నియంత్రణ: ఉత్తరాంధ్ర నేపథ్యం

నడుము కండరాలను ఎముక నుంచి ఒలిచేయకుండా, వాటి పోగుల మధ్య సన్నని దారి చేసుకొని, సూక్ష్మదర్శిని, ఎండోస్కోప్ లేదా ఎక్స్‌రే తెర సాయంతో చేసే వెన్నెముక ఆపరేషన్లను చిన్న కోత వెన్ను శస్త్రచికిత్స అంటారు. పత్రికల్లో ‘కీహోల్ సర్జరీ’గా కనిపించేది ఇదే. జారిన డిస్క్ ముక్కను తీయడం, నరం మీద ఒత్తిడి తగ్గించడం, పట్టు తప్పిన పూసలను స్క్రూలతో బిగించడం వంటి లోపలి పనంతా పాత ఆపరేషన్‌లో చేసేదే. వేరైంది దారి. ఆ దారి వల్ల పోయే రక్తం తగ్గుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ, 2022 ఏప్రిల్‌లో వాటి నుంచి విడివడిన పార్వతీపురం మన్యం జిల్లాలోనూ ఈ తగ్గుదలకు ప్రత్యేకమైన విలువ ఉంది. ఇక్కడి రోగుల్లో చాలామంది ఆపరేషన్ బల్ల ఎక్కేనాటికే రక్తహీనతతో ఉంటారు. మన్యంలో సికిల్ సెల్ అనే రక్తజబ్బు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు దానికి తోడవుతాయి. అందుకే ఈ ప్రాంతంలో రక్తాన్ని కాపాడే పని కోత పెట్టకముందే మొదలు కావాలి.

రక్తం ఎక్కడి నుంచి కారుతుంది

వెన్ను ఆపరేషన్‌లో రక్తం ముఖ్యంగా మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది కండరం. వెన్నెముకకు రెండు పక్కలా తాళ్లలా సాగే మల్టిఫిడస్ కండరాన్ని పాత పద్ధతిలో పూసల నుంచి ఒలిచి, ఇనుప పట్టీలతో పక్కకు లాగి ఉంచుతారు. ఒలిచిన మేరా సన్న రక్తనాళాలు తెగుతాయి. గంటల తరబడి లాగి ఉంచిన కండరం నలిగి, ఆ తరువాత బలహీనపడుతుంది కూడా.

రెండోది ఎముక. పూసల లోపలి భాగం స్పాంజిలా ఉండి మజ్జతో, రక్తంతో నిండి ఉంటుంది. దాన్ని గీరినా, తొలిచినా రక్తం ఊరుతూనే ఉంటుంది. చర్మం మీది నాళంలా దాన్ని పట్టి కట్టేయడానికి వీలుండదు. అక్కడ మైనం పూసి ఆపుతారు.

మూడోది వెన్నుపాము పొర చుట్టూ ఉండే సిరల వల. 1940లో అమెరికా శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఆస్కార్ బాట్సన్ వర్ణించిన ఈ సిరలకు కవాటాలు ఉండవు. అందువల్ల పొట్ట మీద ఒత్తిడి పడితే, పొట్టలోని పెద్ద సిరలో వెనక్కు తన్నిన రక్తం నేరుగా వెన్ను సిరల్లోకి చేరి అవి ఉబ్బుతాయి. రోగిని బోర్లా పడుకోబెట్టినప్పుడు పొట్ట బల్లకు నొక్కుకుంటే, ఎంత చిన్న కోత పెట్టినా నెత్తురు పొంగుకొస్తుంది.

కోత చిన్నదైన క్రమం

1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ కాలిలోకి పాకే నొప్పికి జారిన డిస్క్ కారణమని చూపించారు. డిస్క్ ఆపరేషన్ అప్పటి నుంచే విస్తరించింది. 1968లో శస్త్రవైద్యుడు విల్ట్సే, వెన్ను మధ్య గీతకు కాస్త పక్కగా కండరపు పోగులను విడదీసి పూసలను చేరే మార్గాన్ని వర్ణించారు. కండరాన్ని కోయకుండా విడదీయడమన్న నేటి సూత్రానికి మూలాల్లో అదొకటి. 1975లో జపాన్‌కు చెందిన హిజికాటా చర్మం గుండా గొట్టం పంపి డిస్క్‌ను తీసే పద్ధతి ప్రకటించారు. 1977లో శస్త్రవైద్యులు యాసర్గిల్, కాస్పర్ విడివిడిగా సూక్ష్మదర్శిని కింద చేసిన డిస్క్ ఆపరేషన్లను వెల్లడించడంతో కోత రెండు మూడు సెంటీమీటర్లకు దిగింది. పూసలకు చర్మం మీది నుంచే స్క్రూలు పంపవచ్చని స్విట్జర్లాండ్‌కు చెందిన మగెర్ల్ అదే కాలంలో చూపారు. 1984లో ఫ్రాన్స్‌లో గాలిబెర్, డెరమాన్ ఒక పూసలోకి సూదితో ఎముక సిమెంట్ ఎక్కించారు. 1997లో అమెరికాకు చెందిన ఫోలే, స్మిత్ గొట్టం లోపల ఎండోస్కోప్ పెట్టి డిస్క్ తీసే విధానాన్ని ప్రకటించాక ‘చిన్న కోత’ ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది.

ప్రధాన పద్ధతులు

గొట్టం పద్ధతి: మొదట సన్నని కడ్డీ, దాని మీదుగా కాస్త లావుది, ఆపైన ఇంకా లావుది తొడుగుతూ కండరపు పోగులను మెల్లగా విడదీస్తారు. చివరికి సుమారు 14 నుంచి 22 మిల్లీమీటర్ల వ్యాసమున్న గొట్టాన్ని నిలిపి, సూక్ష్మదర్శినితో చూస్తూ పని చేస్తారు. గొట్టం గోడ కండరాన్ని చుట్టూ అదిమి పట్టడంతో సన్న నాళాల రక్తం చాలావరకు తనంతట తానే ఆగుతుంది.

ఎండోస్కోపీ: ఏడెనిమిది మిల్లీమీటర్ల పరికరం ఒక్క రంధ్రంలోంచి వెళ్తుంది. రెండు రంధ్రాల పద్ధతిలో ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్లు ఉంటాయి. రెండింటిలోనూ ఉప్పునీరు నిరంతరం పారుతూ ఉంటుంది. ఆ నీటి ఒత్తిడి సిరలను నొక్కి ఉంచుతుంది. తెర మీద ఎరుపు కమ్మితే ఏమీ కనిపించదు కనుక, ఈ పద్ధతిలో రక్తం ఆపడమూ చూపు నిలుపుకోవడమూ ఒకటే పని.

చర్మం మీది నుంచి స్క్రూలు: సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రంతో చూస్తూ ఒక్కో స్క్రూను సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల కోత గుండా పూసలోకి బిగిస్తారు. కడ్డీని కండరం కిందుగా దూరుస్తారు. విరిగిన పూసలను నిలబెట్టడానికి, రెండు పూసలను కలిపే ఫ్యూజన్ ఆపరేషన్లకు ఇది పనికొస్తుంది.

సిమెంట్ ఎక్కించడం: వయసు మళ్లి బోలుబారిన పూస కుంగినప్పుడు సూదితో చేసే ఈ చికిత్సలో రక్తనష్టం నామమాత్రం. అయితే 2009లో వెలువడిన రెండు పరీక్షల్లో ఇది ఉత్తుత్తి చికిత్స కన్నా నొప్పిని ఎక్కువగా తగ్గించలేదు. రక్తం పోకపోవడం ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాకూడదని ఈ ఫలితం గుర్తుచేస్తుంది.

రక్తం లెక్క

ఒకే చోట డిస్క్ ముక్క తీసే ఆపరేషన్‌లో పాత పద్ధతిలోనైనా పోయేది సాధారణంగా వంద మిల్లీలీటర్ల లోపు, కొన్నిసార్లు అంతకు కాస్త పైన. చిన్న కోతతో అది ఇంకా తగ్గినా, రోగి శరీరానికి పెద్ద తేడా తెలియదు. ఫ్యూజన్‌లో మాత్రం తేడా గట్టిగా కనిపిస్తుంది. తెరిచి చేసినప్పుడు కొన్ని వందల మిల్లీలీటర్లు పోయే చోట, గొట్టం పద్ధతిలో తరచుగా అందులో సగమో అంతకన్నా తక్కువో పోతుంది. పలు పూసలను సరిచేసే గూని ఆపరేషన్లలో నష్టం లీటరు దాటవచ్చు.

ఈ అంకెల అర్థం రోగి చేతిలో ఉన్న నిల్వను బట్టి మారుతుంది. వయోజన స్త్రీ శరీరంలో కిలోకు సుమారు 65 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 50 కిలోల మనిషైతే దాదాపు 3,250 మిల్లీలీటర్లు. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు దిగితే రక్తం ఎక్కించాలని అనుకుందాం. తీవ్రంగా జబ్బుపడిన రోగుల మీద కెనడాలో జరిగి 1999లో ప్రచురితమైన పరీక్ష తరువాత ఈ 7 గ్రాముల హద్దు ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. 13 గ్రాముల హిమోగ్లోబిన్‌తో వచ్చిన స్త్రీ ఆ హద్దు చేరేలోపు సుమారు 1,500 మిల్లీలీటర్ల నష్టాన్ని ఓర్చుకోగలదు. 9 గ్రాములతో వచ్చిన స్త్రీకి ఆ వెసులుబాటు 720 మిల్లీలీటర్లే. ఒకే డాక్టరు ఒకే ఆపరేషన్ చేసినా, పోయిన రక్తం ఈ రెండు అంకెల మధ్య ఉంటే మొదటామె రక్తం ఎక్కించుకోకుండా ఇంటికి వెళ్తుంది, రెండో ఆమె బంధువులు దాతల కోసం పరుగు పెడతారు.

బల్ల మీద కొలిచిన నష్టమే మొత్తం నష్టం కాదు. కొంత రక్తం కండరపు పొరల్లోకి, కణజాలంలోకి ఇంకుతుంది. ఎండోస్కోపీలోనైతే కారిన రక్తం నీటిలో కలిసిపోవడంతో కొలత కష్టం. అందువల్ల ‘చుక్క రక్తం పోలేదు’ అన్న మాటను రెండో రోజు, మూడో రోజు హిమోగ్లోబిన్ పరీక్షతో సరిచూడాలి.

కోతతో పనిలేని జాగ్రత్తలు

వెన్ను ఆపరేషన్‌లో రక్తాన్ని ఆదా చేసే ఉపాయాల్లో కొన్నింటికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. అన్నిటికన్నా చవకైనది రోగిని సరిగా పడుకోబెట్టడం. 1967లో టొరంటో వైద్యులు రెల్టన్, హాల్ నాలుగు మెత్తల చట్రాన్ని వర్ణించారు. ఛాతీ, తుంటి మెత్తల మీద ఆని, పొట్ట గాలిలో వేలాడుతుంది. పొట్ట మీద బరువు లేకపోతే బాట్సన్ సిరలు ఉబ్బవు. చట్రం లేని చోట దిండ్లు, చుట్టిన దుప్పట్లతో ఇదే ఫలితం సాధించవచ్చు.

రెండోది ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకమోటో, షొసుకే ఒకమోటో దంపతులు 1962లో వెలుగులోకి తెచ్చిన ఈ మందు, గడ్డకట్టిన రక్తం తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. గాయపడిన 20 వేల మందికి పైగా రోగుల మీద జరిగి 2010లో వెలువడిన క్రాష్-2 పరీక్షలో ఇది మరణాలను తగ్గించింది. వెన్ను ఆపరేషన్లలో కోతకు ముందే దీన్ని సిరలోకి ఇస్తారు. ఇది ఖరీదైన మందు కాదు, చిన్న ఊళ్లలోనూ దొరుకుతుంది.

రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు, వాటిని రాసిన గుండె డాక్టరు సలహా మేరకే ఎప్పుడు ఆపాలో తేల్చుకోవాలి. ఆపరేషన్ గది చల్లదనానికి ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది కనుక రోగిని వెచ్చగా ఉంచాలి. కారిన రక్తాన్ని పీల్చి, కడిగి, తిరిగి ఎక్కించే సెల్ సేవర్ యంత్రం పెద్ద ఆపరేషన్లకు ఉపయోగమే. కానీ చీము, క్షయ ఉన్న చోట దాన్ని సాధారణంగా వాడరు. సికిల్ సెల్ రోగుల్లోనూ వెనకాడతారు. ఉత్తరాంధ్రలో ఈ మినహాయింపులు తరచుగా ఎదురవుతాయి.

ఉత్తరాంధ్ర రోగి

‘నడుం పట్టేసింది’, ‘కాలు లాగేస్తోంది’, ‘తిమ్మిరెక్కి అడుగు పడటం లేదు’ అంటూ వచ్చేవారిలో ఎక్కువమంది బరువు పనులు చేసేవారే. వరి నాట్లకు రోజంతా వంగేవారు, పలాస జీడిపప్పు కార్ఖానాల్లో గంటలకొద్దీ కూర్చునే స్త్రీలు, విజయనగరం ప్రాంతపు జనపనార మిల్లుల కార్మికులు, హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనులకు వలస వెళ్లి నొప్పితో తిరిగొచ్చేవారు వీరిలో ఉంటారు. డిస్క్ జారడం వల్ల వచ్చే కాలి నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మూత్రం బిగిసిపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, జీను మీద కూర్చున్నప్పుడు ఆనే భాగం మొద్దుబారడం మాత్రం అత్యవసర లక్షణాలు. వీటికి గంటల లెక్కే.

చెట్టు మీది నుంచి పడటం మరో పెద్ద కారణం. కొబ్బరి దింపేవారు, కల్లు గీసేవారు, జీడి, పనస తోటల్లో కొమ్మ విరిగి జారిపడినవారు తరచుగా ఛాతీ పూసలు నడుము పూసలతో కలిసే చోట దెబ్బతింటారు. పూస నలిగినా నరాలకు దెబ్బ తగలని వారిలో కొందరికి చర్మం మీది నుంచి స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. పడిన దెబ్బకు పొట్టలోనో ఛాతీలోనో ముందే రక్తం పోయి ఉండవచ్చు కనుక, ఆపరేషన్‌లో మిగిల్చే ప్రతి వంద మిల్లీలీటర్లూ అక్కరకొస్తాయి.

వెన్ను క్షయ ఇప్పటికీ ఇక్కడ తరచుగా కనిపించే జబ్బు. పెర్సివల్ పాట్ 1779లో వర్ణించిన ఈ జబ్బులో చీముగడ్డ వెన్నుపామును నొక్కుతుంది. చాలామందికి క్షయ మందులే చాలు. చీము తీయాల్సి వచ్చినప్పుడు సూది లేదా ఎండోస్కోప్‌తో తీయడం, వదులైన పూసలను చర్మం మీది నుంచి బిగించడం వీలవుతుంది. నెలల తరబడి జ్వరంతో, ఆకలి లేక చిక్కిపోయిన రోగికి పెద్ద కోత తట్టుకోవడం కష్టం.

ఈ జబ్బులన్నిటి కిందా ఉన్నది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే పైన చెప్పిన లెక్కలో రెండో స్త్రీ అరుదైన మనిషి కాదు.

మన్యంలో, అంటే సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు, గిరిజనుల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. దీని నిర్మూలనకు కేంద్రం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఈ జబ్బులో ఆక్సిజన్ తగ్గినా, నీరు చాలకపోయినా, ఒళ్లు చల్లబడినా ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి ముడుచుకొని నాళాలను మూసేస్తాయి. రక్తస్రావం తగ్గించడానికి బీపీని కావాలని దించే మత్తు పద్ధతి వీరికి ప్రమాదం. ఇంకో చిక్కు ఏమిటంటే, సికిల్ సెల్ వల్లే నడుము నొప్పి రావచ్చు. రక్తం అందక పూసల మధ్యభాగాలు కుంగుతాయి, కొన్నిసార్లు ఎముకలో చీము చేరుతుంది. కనుక మన్యం నుంచి వచ్చిన రోగికి ఎమ్మారైతో పాటు సికిల్ పరీక్ష కూడా అవసరం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల ఉద్దానంలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఊళ్లను పీడిస్తోంది. దాని మూలకారణం ఇంకా తేలలేదు. కిడ్నీ దెబ్బతింటే ఎర్రకణాల తయారీని ఉసిగొల్పే హార్మోన్ తగ్గి రక్తహీనత వస్తుంది. పైగా ఒంట్లో మలినాలు పేరుకోవడంతో ప్లేట్‌లెట్లు సరిగా అతుక్కోక రక్తం ఆగదు. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను బయటికి పంపేది కూడా కిడ్నీలే. మామూలు మోతాదు ఇస్తే మందు పేరుకొని ఫిట్స్ రావచ్చు. అందుకే ఉద్దానం రోగికి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ చూసి మోతాదు తగ్గించాలి. నడుము నొప్పికి దుకాణంలో కొని నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. ఆపరేషన్ అవసరమైన రోగికి ఆలస్యం చేసి మాత్రలతో నెట్టుకురావడం ఇక్కడ రెట్టింపు నష్టం.

చికిత్స అందే చోట్లు

ఈ ప్రాంతపు కఠినమైన వెన్ను జబ్బులు చాలాకాలంగా విశాఖపట్నం వైపే నడుస్తున్నాయి. ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధమైన కింగ్ జార్జ్ ఆసుపత్రి 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దాసుపత్రి. ఇచ్ఛాపురం వైపు వారికి ఒడిశాలోని బరంపురం దగ్గర. స్థానికంగా నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ 2002లో, శ్రీకాకుళంలో రిమ్స్ పేరుతో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలయ్యాయి. శ్రీకాకుళం శివారు రాగోలులో ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఉద్దానం రోగికి వెన్ను ఆపరేషన్ ఆలోచించేటప్పుడు కిడ్నీ డాక్టరు సలహా దగ్గరలో దొరకడం చిన్న విషయం కాదు.

పేదలకు ఆపరేషన్ ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం ప్రయోగాత్మకంగా 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండు మహబూబ్‌నగర్, అనంతపురం. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఈ పథకం వెన్ను శస్త్రచికిత్సలకూ వర్తిస్తుంది.

ఎంత మేలు, ఎక్కడ పరిమితి

ఫ్యూజన్ ఆపరేషన్లలో చిన్న కోత వల్ల రక్తనష్టం తగ్గడం, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గడం పలు పరిశీలనల్లో తేలింది. పూసలు అతుక్కోవడంలోనూ, ఏడాది రెండేళ్ల తరువాతి నొప్పిలోనూ పాత పద్ధతికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. డిస్క్ ఆపరేషన్ల విషయంలో ఫలితం ఇంకా మిశ్రమం. నెదర్లాండ్స్‌లో 328 మంది మీద జరిగి 2009లో వెలువడిన పరీక్షలో గొట్టం పద్ధతి మామూలు సూక్ష్మదర్శిని ఆపరేషన్‌ను మించలేదు. అదే దేశంలో 613 మంది మీద జరిగి 2022లో వెలువడిన పరీక్షలో పూర్తి ఎండోస్కోపీ మాత్రం సూక్ష్మదర్శిని పద్ధతికి తీసిపోలేదు.

నేర్చుకునే తొలి రోజుల్లో ఆపరేషన్ సమయం పెరుగుతుంది, వెన్నుపాము పొర చిరిగే ప్రమాదమూ ఉంటుంది. ఇరుకైన గొట్టంలో సిర తెగితే ఆపడం కష్టం, అప్పుడు కోత పెంచక తప్పదు. చర్మం మీది నుంచి స్క్రూలు వేసేటప్పుడు ఎక్స్‌రే మోతాదు రోగి కన్నా రోజూ ఆ గదిలో ఉండే సిబ్బందికి ఎక్కువ సమస్య. పెద్ద గూని, పలు పూసల గాయాలు, తిరగబెట్టిన కణితుల వంటి వాటిలో తెరిచి చేయడమే మేలు కావచ్చు.

వెన్ను ఆపరేషన్లలో చాలావరకు ముందుగా తేదీ పెట్టుకొని చేసేవే. తేదీ ఖరారైన రోజే హిమోగ్లోబిన్ చూసి, ఇనుము లోపముంటే సిరలోకి ఇనుము ఎక్కిస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో రెండు గ్రాముల వరకు పెరగవచ్చు. 50 కిలోల స్త్రీ హిమోగ్లోబిన్ 9 నుంచి 11కు చేరితే, పై లెక్క ప్రకారం ఆమె ఓర్చుకోగల నష్టం 720 నుంచి సుమారు 1,180 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. అంటే 460 మిల్లీలీటర్ల వెసులుబాటు. ఒక డిస్క్ ఆపరేషన్‌లో గొట్టం ఆదా చేసే రక్తం కన్నా ఇది చాలా ఎక్కువ. ఫ్యూజన్‌లో గొట్టం ఆదా చేసేదానికీ తీసిపోదు. ఇనుము ఎక్కించే ఈ పని విశాఖ దాకా వెళ్లకుండా, రక్తపరీక్షకూ సెలైన్ ఎక్కించడానికీ వసతి ఉన్న ఏ దగ్గరి ఆసుపత్రిలోనైనా పూర్తవుతుంది.